గుండెపోటుకు వరంగల్‌లోనే చూపించాలా, హైదరాబాద్ పెద్దాసుపత్రికి పోవాలా?

చదివే మిగతావాళ్ళకూ అర్థం కావాలి కాబట్టి ముందు మీరు అడిగింది క్లుప్తంగా చెప్తాను. మీ బాపుకు 52 ఏళ్ళు, చాలా ఏళ్ళుగా షుగర్ ఉంది. నర్సంపేట దగ్గర మీ ఊళ్ళో పొలం పని చేస్తుండగా ఛాతీలో బరువు, ఒళ్ళంతా చెమటలు. మీరు వెంటనే హన్మకొండకు తీసుకొచ్చారు. అక్కడ గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చారు. మర్నాడు యాంజియో (గుండె రక్తనాళాల్లోకి మందు పంపి తీసే ఎక్స్‌రే) తీస్తే మూడు రక్తనాళాల్లోనూ బ్లాకులు ఉన్నాయి. అక్కడి డాక్టర్ బైపాస్ (వేరే నాళం కుట్టి బ్లాకు దాటించే ఆపరేషన్) చేయించమన్నారు. హైదరాబాద్‌లో ఒక పెద్ద ఆసుపత్రిలో ఆ యాంజియో సీడీ చూపిస్తే నాలుగు స్టెంట్లతో (నాళాన్ని తెరిచి ఉంచే చిన్న జాలీ గొట్టాలు) అయిపోతుందన్నారు. ఈలోగా మీ మేనమామలు, మొదటే హైదరాబాద్ తీసుకపోతే ఇంతదాకా వచ్చేది కాదని మిమ్మల్ని తిడుతున్నారు. ఎవరి మాట వినాలి, సిటీ ఆసుపత్రుల్లో గుండె వైద్యం నిజంగా అంత మెరుగ్గా ఉంటుందా అన్నది మీ ప్రశ్న.

నేను డాక్టర్‌ను కాను, క్యాథ్‌ల్యాబ్ (యాంజియోలు తీసి, స్టెంట్లు వేసే గది) టెక్నీషియన్‌ను. హైదరాబాద్‌లో రెండు పెద్ద ప్రైవేట్ ఆసుపత్రుల్లో ఏళ్ళ తరబడి పనిచేశాను, ఇప్పుడు హన్మకొండలో అదే పని చేస్తున్నాను. యాంజియో టేబుల్ పక్కన ఏం జరుగుతుందో, తలుపు అవతల ఇంటివాళ్ళు ఎంత టెన్షన్ పడతారో రెండూ చూసినవాణ్ణి. మీ బాపుకు ఏం చేయాలన్న నిర్ణయం మాత్రం ఆయన్ను, ఆయన రిపోర్టులను చూసిన డాక్టర్లదే.

మొదట మీ మేనమామల సంగతి. వాళ్ళ బాధ అర్థమవుతుంది గానీ, వాళ్ళు చెప్పేది తప్పు. మీరు ఆ రోజు హన్మకొండలో ఆగబట్టే మీ బాపు ఇప్పుడు మీతో మాట్లాడుతున్నారు.

గుండెపోటు అంటే రక్తనాళం గోడలో పేరుకున్న కొవ్వు పగిలి, దాని మీద రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోవడం. ఆ నాళం ద్వారా రక్తం అందుకునే కండరం అప్పటినుంచి కొంచెం కొంచెంగా చచ్చిపోతూ ఉంటుంది, పోయినది మళ్ళీ రాదు. అందుకే ప్రపంచమంతా పాటించే లెక్క ఒకటుంది. రోగి డాక్టర్ ముందుకొచ్చిన పది నిమిషాల్లో ఈసీజీ తీయాలి. పెద్ద గుండెపోటని తేలితే, అప్పటినుంచి 120 నిమిషాల్లోపు యాంజియోప్లాస్టీ (బెలూన్‌తో నాళం తెరిచి స్టెంట్ వేయడం) చేసే అవకాశం ఉంటే అదే మంచిది. అది కుదరకపోతే, ఇవ్వకూడని కారణం ఏదీ లేకుంటే గడ్డ కరిగించే ఇంజెక్షన్ వెంటనే అక్కడే ఇచ్చేయాలి. నొప్పి మొదలైన 12 గంటల దాకా ఆ ఇంజెక్షన్ పనికొస్తుంది, కానీ మొదటి రెండు మూడు గంటల్లో ఇచ్చినదానికీ ఎనిమిదో గంటలో ఇచ్చినదానికీ చాలా తేడా.

ఇప్పుడు మన దారి లెక్క చూడండి. హన్మకొండ నుంచి హైదరాబాద్ దగ్గర దగ్గర 150 కిలోమీటర్లు. జనగామ, భువనగిరి దాటేదాకా రోడ్డు బాగానే ఉంటుంది. ఘట్‌కేసర్ దాటాక ఉప్పల్ వైపు ట్రాఫిక్‌లో అంబులెన్స్ సైరన్‌కు కూడా దారి దొరకడం కష్టం. పెద్దాసుపత్రి గేటు చేరాక క్యాజువాలిటీ, ఇంకో ఈసీజీ, అడ్వాన్సు, సంతకాలు, క్యాథ్‌ల్యాబ్ టీమ్ సిద్ధం కావడం. బెలూన్ పడేసరికి నాలుగు గంటలు తేలిగ్గా పోతాయి. అంటే వరంగల్, ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ జనానికి గుండెపోటు మొదటి గంటల్లో హైదరాబాద్ పనికొచ్చే ఊరు కాదు. అక్కడి ఆసుపత్రులు ఎంత గొప్పవైనా సరే.

ఒక మనిషి సంగతి చెప్తాను. ఏటూరునాగారం వైపు మిర్చి రైతు. సాయంత్రం నొప్పి వస్తే ఊళ్ళో ఆర్‌ఎంపీ గ్యాస్ అని ఇంజెక్షన్ ఇచ్చి, ఒక సెలైన్ పెట్టాడు. రాత్రి నొప్పి పెరిగితే ఇంటివాళ్ళు ఎవరి ద్వారానో హైదరాబాద్‌కు అంబులెన్స్ మాట్లాడుకున్నారు. దారిలో ఆయాసం ఎక్కువై హన్మకొండలో మా దగ్గర ఆపారు. ఈసీజీ కాగితం బయటికి రాగానే డ్యూటీ డాక్టర్ సూది ఇప్పుడే వేయాలన్నాడు. రోగి తమ్ముడి చెవి దగ్గర ఫోన్ అట్లాగే ఉంది, అవతలివాడు టైమ్ వేస్ట్ చేయకుండా బయల్దేరమంటున్నాడు. రోగి భార్య మాత్రం ఆయన ముఖం చూసి, ఇక్కడే వేయండి సార్ అన్నది. బరువు చూసి టెనెక్టెప్లేస్ ఇచ్చారు. అది డ్రిప్‌లా కాదు, ఒక్కసారిగా ఇచ్చేస్తారు. గంట తర్వాత నర్సు మళ్ళీ ఈసీజీ తీసింది. పైకి లేచి గోడలా నిలబడ్డ గీత సగానికి పైగా దిగింది. ఆయన కళ్ళు తెరిచి, ఛాతీ మీద బండ తీసినట్టుందని నీళ్ళడిగాడు. మర్నాడు ఆయన్ను హైదరాబాద్ పంపించారు, అక్కడ యాంజియో చేసి స్టెంట్ వేశారు. రెండు ఊళ్ళూ తమ పని తాము చేశాయి. మీ బాపుకు జరిగింది కూడా ఇదే పద్ధతి. ముందు ఇంజెక్షన్, తర్వాత 3 నుంచి 24 గంటల్లోపు యాంజియో. దూరప్రాంతాలకు ఇదే సరైన వైద్యమని గైడ్‌లైన్లే చెప్తున్నాయి. లోకల్‌గా ఏదో సర్దుబాటు చేశారని అనుకోకండి.

ఒక జాగ్రత్త మాత్రం ఉంది. ఇంజెక్షన్ అందరికీ పనిచేయదు. గంట, గంటన్నర తర్వాత ఈసీజీలో గీత సగమైనా దిగకపోయినా, నొప్పి తగ్గకపోయినా ఆలస్యం చేయకుండా క్యాథ్‌ల్యాబ్‌కు తీసుకుపోవాలి. అందుకే హన్మకొండలో ఆసుపత్రి ఎంచుకునేటప్పుడు అడగాల్సింది బోర్డు మీద ఎంతమంది డాక్టర్ల పేర్లున్నాయని కాదు, రాత్రి రెండు గంటలకు క్యాథ్‌ల్యాబ్ తెరిచే మనుషులు ఉన్నారా అని. కొన్నిచోట్ల మిషన్ ఉంటుంది, డాక్టర్ వారానికి రెండు రోజులు హైదరాబాద్ నుంచి వస్తాడు. ఆ రెండు రోజుల్లోనే గుండెపోటు రావాలని లేదు కదా.

ఆర్‌ఎంపీల మీద నాకు కోపం లేదు. అర్ధరాత్రి పిలిస్తే వచ్చేది వాళ్ళే. కానీ 40 దాటినవాళ్ళు, షుగర్ ఉన్నవాళ్ళు, బీడీ, తంబాకు అలవాటున్నవాళ్ళు ఛాతీలో బరువంటే, చెమటలు పడుతుంటే, దవడకో ఎడమ చేతికో గుంజుతుంటే, ఈసీజీ తీయకుండా గ్యాస్ అనడం ఎవరికీ తగదు. షుగర్ ఉన్నవాళ్ళకూ, ఆడవాళ్ళకూ ఒక్కోసారి నొప్పే ఉండదు, ఉత్త ఆయాసం, నీరసం, వాంతి. మీ ఊళ్ళో నలుగురికి ఈ ఒక్క సంగతి చెప్పండి.

ఇక అసలు ప్రశ్న. హైదరాబాద్‌లో వైద్యం మెరుగా? కొన్ని విషయాల్లో నిజంగా మెరుగే. కొన్నిట్లో తేడా లేదు. ఒకట్రెండు విషయాల్లో మనమే జాగ్రత్తపడాలి.

తేడా లేనివి మొదట చెప్తాను. ఇంజెక్షన్ అదే, రక్తం పలుచబరిచే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మాత్రలు అవే, స్టెంట్ కంపెనీలు అవే. స్టెంట్ ధర మీద 2017 ఫిబ్రవరి నుంచి కేంద్రం సీలింగ్ పెట్టింది. అంతకుముందు మందు పూత స్టెంట్‌కు లక్ష, లక్షన్నర తీసుకునేవాళ్ళు. సీలింగ్ పెట్టినప్పుడు అది 29,600 రూపాయలు. తర్వాత ఏటేటా కొంచెం సవరిస్తూ వచ్చి 38 వేల చుట్టుపక్కలకు చేరింది. స్టెంట్‌ను తక్కువ ఖర్చులో తయారు చేయాలన్న ఆలోచన మన హైదరాబాద్‌లోనే గట్టిగా మొదలైంది. డాక్టర్ సోమరాజు, అబ్దుల్ కలాం కలిసి 1998లో చేయించిన కలాం-రాజు స్టెంట్ గురించి మా సీనియర్లు ఇప్పటికీ గర్వంగా చెప్తారు. ఇంపోర్టెడ్ స్టెంట్, స్పెషల్ స్టెంట్, దీనికి వేరే రేటు అని ఎవరన్నా చెప్తే నమ్మకండి. బిల్లులో స్టెంట్ పేరు, కంపెనీ, బ్యాచ్ నంబర్, ధర విడిగా రాయాలన్నది నిబంధన. స్టెంట్ డబ్బా మీది స్టిక్కర్ మీ కేస్‌షీట్‌లో, మీ చేతికిచ్చే కాగితాల్లో ఉండాలి.

మెరుగైనవి చెప్పాలంటే, క్లిష్టమైన కేసులు. ఎడమవైపు ప్రధాన నాళంలో బ్లాకు, సున్నం పట్టి రాయిలా గట్టిపడ్డ నాళాలు, వాల్వ్ జబ్బులు, పుట్టుకతోనే గుండెలో రంధ్రాలున్న పిల్లలు, గుండె లయ తప్పే జబ్బులు, గుండె పంపింగ్ బాగా పడిపోయినవాళ్ళకు బైపాస్. వీటికి రోజూ అదే పని చేసే చేతులు కావాలి. రక్తనాళం లోపలికి చిన్న కెమెరా లాంటి పరికరం పంపి స్టెంట్ సరిగ్గా విచ్చుకుందా లేదా చూసే పద్ధతులు పెద్ద సెంటర్లలో మామూలైపోయాయి. స్టెంట్ వేస్తుండగా ఏదైనా తేడా వస్తే పక్క థియేటర్లోనే సర్జన్ ఉంటాడు. ఇవన్నీ వట్టి ప్రచారం కాదు, నేను కళ్ళారా చూశాను. బైపాస్‌కైతే ఏడాదిలో ఎక్కువ ఆపరేషన్లు చేసే టీమ్ దగ్గర ఫలితాలు బాగుంటాయన్నది చాలా దేశాల్లో తేలిన విషయం.

జాగ్రత్తపడాల్సింది తొందర విషయంలో. మీరు ఇప్పుడు ఉన్నది సరిగ్గా ఈ చోటే కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

యాంజియో జరుగుతుంటుంది. రోగి టేబుల్ మీద మెలకువగానే ఉంటాడు, చేతి మణికట్టు దగ్గరో తొడ దగ్గరో ట్యూబ్ ఉంటుంది. డాక్టర్ బయటికొచ్చి కొడుకునో అల్లుణ్ణో లోపలికి పిలుస్తాడు. స్క్రీన్ మీద నల్లటి తీగలు కదులుతుంటాయి. ఇదిగో ఇక్కడ 90 శాతం, ఇక్కడ 80 అంటాడు. ఇప్పుడే స్టెంట్ వేసేద్దామా, లేదా బయటికి తీసి ఇంకోసారి చేద్దామా, త్వరగా చెప్పండి అంటాడు. ఆ కొడుకు ముఖంలో రక్తం ఉండదు. లోపల నాన్న ఉన్నాడు, 90 శాతం అన్నారు, ఎవరైనా ఏమంటారు? వేసేయండి సార్ అంటారు. నేను లెక్కలేనన్ని సార్లు ఆ గదిలో ఉన్నాను, వేరే జవాబు విన్నది చాలా తక్కువ.

గుండెపోటు జరుగుతున్నప్పుడు ఆ తొందర న్యాయమే. మూసుకుపోయిన నాళాన్ని అప్పటికప్పుడు తెరవాలి, అక్కడ ఆలోచించడం అంటే కండరం పోగొట్టుకోవడమే. కానీ నొప్పి తగ్గి, బీపీ నిలబడి, రోగి కుదుటపడ్డాక మూడు నాళాల్లో బ్లాకులు కనపడితే ఆ పది నిమిషాల నిర్ణయం అక్కర్లేదు. 90 శాతం బ్లాకంటే 90 శాతం ప్రాణం పోయినట్టు కాదు. ఆ బ్లాకు ఎక్కడుంది, దాని వెనక ఎంత కండరం ఆధారపడి ఉంది, పంపింగ్ ఎంత, షుగర్ ఉందా, కిడ్నీలు ఎట్లా ఉన్నాయి, ఇవన్నీ చూసి చెప్పాల్సిన మాట అది. గుండెపోటు రాకుండా నడకలో మాత్రమే నొప్పి వచ్చే స్థిరమైన జబ్బులో అయితే ఇంకా నిదానం కావాలి. ఎడమ ప్రధాన నాళం బాగుండి, పంపింగ్ మరీ పడిపోనివాళ్ళలో మందులు బాగా వాడినవారికీ, మందులతో పాటు ముందే స్టెంట్లో బైపాసో చేయించుకున్నవారికీ చావుల్లో తేడా కనపడలేదని 2019లో వచ్చిన ఇస్కీమియా అనే పెద్ద అధ్యయనం చెప్పింది. నొప్పి తగ్గడానికి స్టెంట్ బాగా పనికొస్తుంది, అది వేరే సంగతి. మీ బాపుకు గుండెపోటు వచ్చింది కాబట్టి ఆ లెక్క ఆయనకు వర్తించదు. ఊళ్ళో ఎవరైనా మందులతో కరిగించుకోవచ్చంటే ఆగిపోవద్దనే ఇది చెప్తున్నాను.

ఇప్పుడు మీ బాపు విషయంలో బైపాసా, నాలుగు స్టెంట్లా? షుగర్ ఉండి, ఒకటికి మించి నాళాల్లో బ్లాకులున్నవాళ్ళ మీదే ప్రత్యేకంగా చేసిన ఫ్రీడమ్ అనే అధ్యయనం 2012లో వచ్చింది. 1,900 మంది మీద చేశారు. ఐదేళ్ళకు చావు, గుండెపోటు, పక్షవాతం మూడూ కలిపి చూస్తే స్టెంట్ల వైపు 26.6 శాతం, బైపాస్ వైపు 18.7 శాతం. చావులు కూడా బైపాస్ వైపే తక్కువ. పక్షవాతం ఒక్కటి విడిగా చూస్తే బైపాస్ వైపు ఎక్కువ, 5.2 శాతం, స్టెంట్ల వైపు 2.4. ఇది డాక్టర్ మీకు దాచకుండా చెప్పాల్సిన విషయం. అందుకే ఆపరేషన్ తట్టుకోగలిగిన షుగర్ రోగికి మూడు నాళాల జబ్బుంటే, ముఖ్యంగా గుండె ముందువైపు దిగే పెద్ద నాళంలో కూడా ఉంటే, బైపాస్ వైపే మొగ్గు ఉంటుంది. కారణం తేలిగ్గా చెప్పాలంటే, స్టెంట్ వేయడం రోడ్డు మీద ఇప్పుడు కనపడుతున్న గుంతలు పూడ్చడం. షుగర్ ఉన్నవాళ్ళకు అదే రోడ్డు మీద ముందూ వెనకా కొత్త గుంతలు పడుతూనే ఉంటాయి. బైపాస్ ఆ గుంతలన్నీ దాటించి అవతల కలుస్తుంది.

కాబట్టి హన్మకొండ డాక్టర్ చెప్పింది నాకు సబబుగానే కనపడుతోంది. ఆయన ఆసుపత్రిలో బైపాస్ చేయకపోయినా మీకు అదే చెప్పారంటే, తన దగ్గర స్టెంట్లు వేసి సంపాదించుకునే అవకాశం వదులుకుని చెప్పారన్నమాట. అది గుర్తుపెట్టుకోవాల్సిన విషయం. హైదరాబాద్ డాక్టర్ చెప్పిందీ పూర్తిగా తప్పని నేననను. సీడీలో బ్లాకులు చిన్నగా, వేర్వేరు చోట్ల, తేలిగ్గా ఉండొచ్చు, లేదా బైపాస్ కుట్టడానికి నాళాలు మరీ సన్నగా ఉండొచ్చు. కానీ ఆ కారణం ఆయన నోటితో మీకు చెప్పాలి. నాలుగు స్టెంట్లతో అయిపోతుందన్నది కారణం కాదు.

మీరు చేయాల్సింది ఇది. ఒక గుండె సర్జన్‌కు విడిగా చూపించండి. ఇప్పటిదాకా చూసిన ఇద్దరూ స్టెంట్లు వేసే డాక్టర్లే, కోసి చేసే డాక్టర్ మాట మీరింకా వినలేదు. మంచి సెంటర్లలో ఇద్దరూ కూర్చుని ఒకే కేసు మాట్లాడతారు, దాన్ని హార్ట్ టీమ్ అంటారు. మీరు వెళ్ళేచోట ఆ పద్ధతి ఉందా అని అడగండి. యాంజియో సీడీ ఒరిజినల్ మీ దగ్గర పెట్టుకుని కాపీ ఇవ్వండి. ఈసీజీలు, ఎకో (గుండె స్కానింగ్) రిపోర్టు, కిడ్నీ పరీక్ష, మూడు నెలల షుగర్ పరీక్ష కూడా తీసుకెళ్ళండి. సీడీ ఇవ్వడానికి ఎవరైనా సాగదీస్తే గట్టిగా అడగండి. రాతపూర్వకంగా అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల్లోనే ఉంది. అసలు వేరేచోట చూపించుకుంటామంటే ముఖం మాడ్చుకునే డాక్టర్ దగ్గర ఆపరేషన్ చేయించుకోకపోవడమే మేలు.

సర్జన్‌ను ఏం అడగాలంటే, ఇట్లాంటి ఆపరేషన్లు మీ చేత్తో ఏడాదికి ఎన్ని చేస్తారు, మా బాపు లాంటివాళ్ళలో ప్రమాదం ఎంత శాతం, ఛాతీ లోపలి ధమనిని ముందు నాళానికి కలుపుతారా, ఆపరేషన్ తర్వాత మొదటి రెండు రాత్రులు ఐసీయూలో ఎవరుంటారు. ఈ చివరి ప్రశ్న మీద ఎవరూ దృష్టి పెట్టరు. బైపాస్‌లో ఆపరేషన్ ఎంత ముఖ్యమో ఆ రెండు రాత్రులు అంత ముఖ్యం. వెంటిలేటర్ మీద ఉన్న రోగికి ఒక నర్సు విడిగా ఉండాలి. అర్ధరాత్రి ఛాతీకి పెట్టిన డ్రెయిన్ గొట్టంలో రక్తం ఎక్కువొస్తే గుర్తుపట్టేది ఆమే. పేపర్లో ఫొటో వేయించుకున్న సర్జన్ ఆ సమయానికి ఇంట్లో నిద్రపోతుంటాడు, అది తప్పేమీ కాదు, కానీ ఆయన బదులు మెలకువగా ఉన్నది ఎవరో మీకు తెలియాలి.

మన దేశంలో ఏ ఆసుపత్రిలో బైపాస్ చేయించుకున్నవాళ్ళలో ఎంతమంది బతికారో జనానికి తెలిసేలా ప్రకటించే పద్ధతి లేదు. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రం 1990ల మొదటి నుంచే ఆసుపత్రుల వారీగా, సర్జన్ల వారీగా కూడా ఆ లెక్కలు బయటపెడుతోంది. అట్లాంటిది ఇక్కడ లేకపోవడం నాకు చాలా బాధ కలిగించే విషయం. హోటల్‌కు స్టార్లు చూసి పోతాం, గుండె కోయించుకోవడానికి మాత్రం ఎవరో చుట్టం చెప్పాడని పోతున్నాం. ఎన్ఏబీహెచ్ అని ఆసుపత్రుల నాణ్యతకు ఇచ్చే గుర్తింపు ఉందంటే పద్ధతులు, కాగితాలు ఒక క్రమంలో ఉన్నాయని అర్థం. అది మంచిదే గానీ, ఫలితాలు బాగున్నాయని దాని అర్థం కాదు. లాబీలో గ్రానైట్ చూసి, లిఫ్టు పక్కన కాఫీ షాపు చూసి నమ్మకం పెంచుకోకండి. పంజాగుట్ట నిమ్స్‌లో గోడలకు రంగు వెలిసి ఉండొచ్చు, వరుసలో గంటల తరబడి నిలబడాల్సి రావొచ్చు, ఆపరేషన్ తేదీ కోసం ఎదురుచూడాల్సి రావొచ్చు. కానీ అక్కడ తర్ఫీదైన డాక్టర్లే రాష్ట్రమంతా పెద్ద ఆసుపత్రుల్లో ఉన్నారు. కొంత ఆగగలిగే స్థితిలో ఉన్న రోగికి అది ఆలోచించదగ్గ చోటే.

డబ్బు సంగతి. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్ నుంచి 10 లక్షలు. బైపాస్, స్టెంట్ రెండూ అందులో ఉన్నాయి. బకాయిల గొడవతో ప్రైవేట్ ఆసుపత్రులు అప్పుడప్పుడు సేవలు ఆపుతుంటాయి, కాబట్టి బయల్దేరే ముందే ఆ ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రకు ఫోన్ చేసి ఇప్పుడు తీసుకుంటున్నారా కనుక్కోండి. కార్డు మీద చేరాక పైన ఇంత కట్టండి అని ఎవరైనా అడిగితే 104కు చెప్పొచ్చు. మీ ఇంట్లో ఎవరికైనా సింగరేణి మెడికల్ సౌకర్యం ఉండి, దాంట్లో మీ బాపు పేరుంటే ముందు ఏరియా ఆసుపత్రి నుంచి రెఫరల్ రాయించుకోండి, లేకుంటే బిల్లు మీ మీదే పడుతుంది. సొంత డబ్బుతో అయితే ప్యాకేజీలో ఎన్ని ఐసీయూ రోజులున్నాయి, రక్తం, మందులు, వెంటిలేటర్ కలిపా విడిగానా అని కాగితం మీద రాయించుకోండి. ప్యాకేజీ అన్నదానికీ చివరి బిల్లుకూ తేడా వచ్చేది ఎక్కువగా ఇక్కడే.

మిమ్మల్ని ఫలానా ఆసుపత్రికే పొమ్మని అంబులెన్స్ డ్రైవరో, ఆర్‌ఎంపీనో, పీఆర్వోనో పట్టుబడితే ఒక్క క్షణం ఆగండి. రోగిని పంపినందుకు కమీషన్ తీసుకోవడం, ఇవ్వడం వైద్య నిబంధనల ప్రకారం తప్పే అయినా, నడుస్తూనే ఉంది. ఆ డబ్బు చివరికి మీ బిల్లులోంచే పోతుంది. హన్మకొండలో వారానికోసారి ఓపీ చూసే హైదరాబాద్ డాక్టర్లలో చాలామంది నిజాయితీపరులే, సలహాకు వాళ్ళ దగ్గరికి వెళ్ళండి. అయితే ఆ ఓపీ నడిపేది వాళ్ళ ఆసుపత్రి అన్న సంగతి మర్చిపోవద్దు.

ఆపరేషన్ తేదీ దొరికేదాకా ఇంట్లో ఉండే ఈ రోజులు ఉన్నాయే, వీటిలో ఒక్క మాత్ర కూడా మానకూడదు. బైపాస్‌కు ముందు క్లోపిడోగ్రెల్ లాంటి మాత్ర కొన్ని రోజులు ఆపిస్తారు. ఆ తేదీ సర్జన్ చెప్పాలి, మీరు ముందే ఆపొద్దు. మళ్ళీ నొప్పి వస్తే హైదరాబాద్ దారి పట్టకుండా 108 పిలిచి నేరుగా హన్మకొండలో మొదట చూసిన చోటికే తీసుకురండి. పాత ఈసీజీ, మందుల చీటీ ఫొటోలు ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉంచండి. పాతది పక్కన పెట్టి చూస్తేనే కొత్త మార్పు త్వరగా తెలుస్తుంది.

సిటీ ఆసుపత్రులు అన్నిటికన్నా వెనకబడింది డిశ్చార్జ్ తర్వాతి సంగతిలో. లక్షలు ఖర్చయ్యే ఆపరేషన్‌కు చివర్లో మందుల గురించి చెప్పేది ఐదు నిమిషాలే. బిల్లు కౌంటర్ దగ్గర హడావుడిలో ఆ చీటీ చేతిలో పెడతారు. ఇంటికొచ్చాక రెండు నెలలు వాడి, బాగానే ఉంది కదా అని మానేస్తారు. లేదా పన్ను పీకించుకోవడానికి పోతే రక్తం ఆగదని ఎవరో అన్నీ ఆపించేస్తారు. గుండెపోటు తర్వాత స్టెంట్ వేయించుకున్నవాళ్ళు రెండు రకాల రక్తం పలుచబరిచే మాత్రలు మామూలుగా ఏడాది పాటు వాడాలి. మధ్యలో మానితే స్టెంట్ లోపలే గడ్డకట్టి మళ్ళీ గుండెపోటు వస్తుంది, అది మొదటిదానికన్నా ప్రమాదం. ఇట్లా తిరిగొచ్చినవాళ్ళను క్యాథ్‌ల్యాబ్ టేబుల్ మీద చూసిన ప్రతిసారీ కడుపు తరుక్కుపోతుంది, ఎందుకంటే అది మనం రాకుండా ఆపగలిగినదే. బైపాస్ అయినా ఆస్పిరిన్, కొలెస్ట్రాల్ మాత్ర జీవితాంతం ఉంటాయి. చెడు కొలెస్ట్రాల్ 70 లోపు ఉండాలి, ఇప్పుడు చాలామంది డాక్టర్లు 55 లోపు అంటున్నారు.

అందుకే ఆపరేషన్ హైదరాబాద్‌లో చేయించినా, తర్వాత చూసుకునే డాక్టర్‌ను హన్మకొండలో ముందే ఖాయం చేసుకోండి. నెలనెలా 150 కిలోమీటర్లు పోయిరావడం ఎవరివల్లా కాదు, రెండు మూడు సార్లు పోయి మానేస్తారు. బైపాస్ తర్వాత ఛాతీ ఎముక పూర్తిగా అతుక్కోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది. అప్పటిదాకా బస్తాలు ఎత్తడం, బండి నడపడం, మోటారు స్టార్టర్ దగ్గరికి గట్లెక్కి దిగడం వద్దు. కానీ మంచానికే అతుక్కుపోవడమూ వద్దు. డాక్టర్ చెప్పిన మేరకు రోజూ నడవాలి, కొంచెం కొంచెం పెంచాలి. బైపాస్ కుట్టడానికి కాలి నుంచి రక్తనాళం తీస్తే ఆ కాలు కొన్నాళ్ళు వాస్తుంది, దానికి కంగారు పడొద్దు. ఎర్రబడి చీము కారితే మాత్రం ఆగకుండా చూపించాలి. బీడీ ఉంటే ఇవాళే ఆపించండి.

చివరగా మీ గురించి. మగవాళ్ళకు 55 లోపు గుండెపోటు వస్తే దాన్ని చిన్న వయసులో వచ్చినట్టే లెక్కిస్తారు, పిల్లలకూ తోబుట్టువులకూ ముప్పు పెరుగుతుంది. మీకు 28 అని, మీ అన్నకు 31 అని రాశారు. ఈ హడావుడి తగ్గగానే ఇద్దరూ బీపీ, షుగర్, లిపిడ్ ప్రొఫైల్ చేయించుకోండి. వీలైతే జీవితంలో ఒక్కసారి చేయించుకుంటే చాలే లిపోప్రోటీన్-ఎ అనే పరీక్ష కూడా. మిమ్మల్ని తిడుతున్న మేనమామల ఇంట్లో కూడా షుగర్ ఉందన్నారు కాబట్టి వాళ్ళకు కూడా ఈసీజీ, ఎకో చేయించండి. సర్జన్ ఏం చెప్పారో, ఎకోలో పంపింగ్ ఎంత ఉందో ఇక్కడ రాయండి. సీడీ రిపోర్టులో రాసిన పదాలు అర్థం కాకపోతే, మీ బాపు పేరు, ఆసుపత్రి పేరు తీసేసి ఆ వాక్యాలు పెట్టండి, ఏది ఏ నాళమో నేను విడమర్చి చెప్తాను.